అరటి పీచు నానోసెల్యులోజ్ జెల్‌లో బెంటొనైట్ కలిపితే ఒకసారి ఉండలు, ఒకసారి పలచన: ఎందుకు, ఏం చెయ్యాలి

అమ్మా, మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. అరటి బోదె నుంచి పీచు తీసి, బ్లీచ్ చేసి, టెంపో ఆక్సిడేషన్ (టెంపో అనే రసాయనం సాయంతో పీచు మీద రుణావేశం తెప్పించే పద్ధతి) చేసి, బ్లెండర్‌లో తిప్పి 1 శాతం నానోసెల్యులోజ్ జెల్, అంటే నానోమీటర్ల వెడల్పు పీచు పోగుల జెల్, తయారు చేశారు. క్రాఫ్ట్ పేపర్ మీద దాన్ని పూతగా వేసి, నూనె, గాలి దూరకుండా ఆపాలన్నది మీ ఎం.టెక్ ప్రాజెక్టు. ఉత్త జెల్ పూస్తే ఆరాక మిగిలే పొర మరీ పలచగా ఉందని 2 శాతం బెంటొనైట్, అంటే నీళ్ళలో ఉబ్బే మట్టి, కలపాలనుకున్నారు. మొదటిసారి, ఎర్తింగ్ గుంటల్లో వేసే బెంటొనైట్ పొడిని తెచ్చి నేరుగా జెల్‌లో చల్లి తిప్పారు. పాలు విరిగినట్టు ఉండలు కట్టింది. రెండోసారి వేరే కొట్లో కొన్న బెంటొనైట్‌ని కుళాయి నీళ్ళలో 4 శాతం చొప్పున రాత్రంతా నానబెట్టి, జెల్‌తో సగానికి సగం కలిపారు. ఉండలు తక్కువే గానీ జెల్ గరిటెజారు కన్నా పలచబడిపోయింది, రెండు రోజులకి పైన నీరు తేలింది. "రెండూ బెంటొనైటే కదా సార్, ఎంత శాతం వేస్తే సరిగ్గా వస్తుంది?" అన్నది మీ ప్రశ్న.

శాతం సంగతి తరవాత చూద్దాం. ముందు మీ నీళ్ళ సంగతి చూడాలి. ఇరవై రెండేళ్ళు నీటి ఆధారిత రంగుల ల్యాబ్‌లోనూ, తరవాత పేపర్ పూతల్లోనూ పనిచేశాను. జెల్ పాడైన పదిసార్లలో ఏడెనిమిదిసార్లు తప్పు నీళ్ళలో దొరికింది, పొడిలో కాదు. మా ల్యాబ్‌లో ఒక ఎండాకాలం డిస్టిల్డ్ వాటర్ ప్లాంటు మూలపడింది. పని ఆగకూడదని పైనుంచి ఒత్తిడి. బోరు నీళ్ళతో 200 లీటర్ల డ్రమ్ములో జెల్ పలచన చేశాం. నేనే దగ్గరుండి తిప్పించాను. పావుగంటలో, అద్దంలా మెరుస్తున్న జెల్ మజ్జిగ తరకల్లా అయిపోయింది. డ్రమ్ము అడుగున కర్ర పెడితే గట్టి ముద్ద, పైన ఉత్త నీళ్ళు. ఆ నీళ్ళ హార్డ్‌నెస్ ఆ రోజు కొలిస్తే 500 పీపీఎం వచ్చింది (లీటరుకి 500 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బొనేట్ లెక్కలో).

ఆ సాయంత్రం కాగితం మీద వేసిన లెక్క ఇప్పటికీ నాకు పనికొస్తోంది, మీరూ వెయ్యండి. 500 పీపీఎం హార్డ్‌నెస్ అంటే, అదంతా కాల్షియమే అనుకుంటే, లీటరుకి సుమారు 5 మిల్లీమోల్ కాల్షియం. ఒక్కో కాల్షియం అయాన్‌కి రెండు చేతులు. అంటే, ఆవేశాల లెక్కలో, లీటరుకి 10 మిల్లీఈక్వివలెంట్లు. టెంపో పద్ధతిలో చేసిన పీచు మీద గ్రాముకి మామూలుగా 1 నుంచి 1.5 మిల్లీమోల్ దాకా కార్బాక్సిల్ గుంపులుంటాయి, ఒక్కోదానికి ఒక రుణావేశం. 1.2 అనుకుందాం. 1 శాతం జెల్ అంటే లీటరుకి 10 గ్రాముల పీచు, అంటే 12 మిల్లీమోల్. పీచు మీదున్న రుణావేశాలన్నిటినీ దాదాపు కట్టేసేంత కాల్షియం ఆ బోరు నీళ్ళలోనే ఉందన్నమాట. పీచు పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటేనే జెల్ విచ్చుకుని నిలబడుతుంది. కాల్షియం ఒక చేత్తో ఈ పోగుని, ఇంకో చేత్తో ఆ పోగుని పట్టుకుని దగ్గరికి లాగేసింది. అందుకే తరకలు.

ఇప్పుడు ఇదే లెక్క మీ బెంటొనైట్ మీద వేద్దాం, ఎందుకంటే మీ మొదటి ప్రయోగం చెడిందీ ఇక్కడే అని నా నమ్మకం.

బెంటొనైట్‌లో అసలు సరుకు మాంట్‌మొరిల్లొనైట్. మన నల్లరేగడిలో వానకి ఉబ్బేదీ, ఎండకి బీటలు వారేదీ ఆ జాతి ఖనిజమే. రేగడి చేలో వానాకాలం నడిచినవాళ్ళకి ఆ జిగట గురించి నేను చెప్పక్కర్లేదు. ఒక్కో రేకు మందం 1 నానోమీటరు, వెడల్పు వందల నానోమీటర్లు. పేకముక్క ఆకారం. ముక్క రెండు ముఖాల మీదా రుణావేశం ఉంటుంది. దాన్ని సరిపెట్టడానికి రేకుల మధ్య సోడియమో కాల్షియమో దూరి కూర్చుంటాయి. ఈ మార్చుకోగల అయాన్ల మొత్తం 100 గ్రాముల మట్టికి 80 నుంచి 100 మిల్లీఈక్వివలెంట్లు. సోడియం ఉంటే నీళ్ళలో రేకులు విడివిడిగా విచ్చుకుంటాయి. కాల్షియం ఉంటే రేకులు కట్టలుగానే ఉండిపోతాయి, మట్టి కొంచెం ఉబ్బి ఊరుకుంటుంది.

2 శాతం అంటే లీటరుకి 20 గ్రాముల మట్టి. అది కాల్షియం మట్టి అయితే, 100 గ్రాములకి 90 చొప్పున లీటరుకి 18 మిల్లీఈక్వివలెంట్ల కాల్షియాన్ని మీరు చేజేతులా జెల్‌లో పోసినట్టే. పీచు దగ్గరున్నది 12. ఆ కాల్షియమంతా ఒక్కసారిగా మట్టిని వదిలి రాదు, నిజమే. పీచు దగ్గరున్న సోడియంతో మారకం జరుగుతున్న కొద్దీ వస్తుంది. కానీ సగం వచ్చినా చాలు, తరకలు కట్టడానికి. ఎర్తింగ్‌కి అమ్మే బెంటొనైట్‌కి తేమ పట్టి ఉంచడమే పని. అందులో సోడియం ఎంత, కాల్షియం ఎంత అన్నది ఆ కొట్టువాడికీ తెలియదు, మీకూ తెలియదు. మొదటి బస్తా కాల్షియం రకమో, సగం సగమో అయి ఉంటుంది.

అది తేల్చుకోవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. 100 మి.లీ. కొలజాడీ తీసుకోండి. 100 మి.లీ. గుర్తుకి కొంచెం కిందిదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, మెత్తగా నూరి ఆరబెట్టిన 2 గ్రాముల పొడిని చిటికెడు చిటికెడు చొప్పున, 0.1 గ్రాము మించకుండా, పైనుంచి రాలుస్తూ ఉండండి. ఒక చిటికెడు పూర్తిగా దిగాకే ఇంకోటి. తొందరపడి ఒకేసారి పోస్తే పైనే గడ్డకడుతుంది, పరీక్ష చెడుతుంది. మొత్తం అయ్యాక నీళ్ళు గుర్తుదాకా నింపి 24 గంటలు కదపకుండా వదిలేయండి. అడుగున ఉబ్బిన మట్టి 24 మి.లీ. దాటితే మంచి సోడియం బెంటొనైట్. 10 మి.లీ. దగ్గరే ఆగిపోతే కాల్షియం రకం. మీ రెండు బస్తాలనీ పక్కపక్కన రెండు జాడీల్లో పెట్టి చూడండి. "రెండూ బెంటొనైటే కదా" అన్న మాటకి మర్నాటి ఉదయం ఆ జాడీలే జవాబు చెప్తాయి. ఒక జాగ్రత్త: బోర్లు, చమురు బావులు తవ్వడానికి అమ్మే కొన్ని రకాల్లో ఉబ్బడం కోసం పాలిమర్ కలిపి ఉంటారు. డబ్బా మీద చదవండి, లేదా ఏమీ కలపనిదే కావాలని అడిగి కొనండి.

మన దేశంలో దొరికే బెంటొనైట్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని కచ్ నుంచి, రాజస్థాన్ నుంచి వస్తుంది. దొరికింది కాల్షియం రకమే అయితే పారెయ్యకండి, సోడాతో మార్చుకోవచ్చు. 100 గ్రాముల మట్టికి 90 మిల్లీఈక్వివలెంట్లంటే, లెక్కప్రకారం 4.8 గ్రాముల సోడా యాష్ కావాలి. అంటే సోడియం కార్బొనేట్. వంటసోడా కాదు, అది వేరు. కొంత సోడియం ముందే ఉంటుంది కాబట్టి 3 నుంచి 4 గ్రాములతో మొదలుపెట్టండి. మట్టిని చపాతీ పిండిలా తడిపి, సోడా కలిపి, బాగా పిసికి, ఆరిపోకుండా మూతపెట్టి రెండు మూడు రోజులు ఉంచాలి. పలచటి నీళ్ళలో కలిపేస్తే ఇంత బాగా పట్టదు. వదిలిన కాల్షియం సుద్దలా, కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుపోతుంది కాబట్టి ఇక పీచు జోలికి పెద్దగా రాదు. సోడా ఎక్కువైతే మాత్రం ఉప్పు పెరిగి, కొత్త తంటా మొదలవుతుంది.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. నీళ్ళలో మామూలు ఉప్పు లీటరుకి 1 మిల్లీమోల్ ఉంటే ఆవేశం ప్రభావం ఉపరితలం నుంచి సుమారు 10 నానోమీటర్ల దాకా తెలుస్తుంది. 100 మిల్లీమోల్ అయితే 1 నానోమీటరు దగ్గరే చచ్చుబడిపోతుంది. మీ పోగు వెడల్పే 3, 4 నానోమీటర్లు. టెంపో చేశాక సోడియం బ్రోమైడ్, హైపోక్లోరైట్ తాలూకు ఉప్పులు ఎంత బాగా కడిగారన్నదే మీ జెల్ జాతకం. చాలామంది పిల్లలు మూడుసార్లు కడిగి సరిపెడతారు. కడిగిన నీటి కండక్టివిటీ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 20 మైక్రోసీమెన్స్ దిగువకి వచ్చేదాకా కడగమని నేను పట్టుబడతాను. కండక్టివిటీ పెన్ను ఖరీదు పెద్దగా ఉండదు, కానీ మీ బల్ల మీద అంతకన్నా పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

ఇక రెండో ప్రయోగం. ఇందులో తప్పు నీళ్ళు ఒక్కటే కాదు, లెక్కలో కూడా ఉంది. 1 శాతం జెల్‌ని, 4 శాతం మట్టినీళ్ళని సగానికి సగం కలిపితే మట్టి 2 శాతం అయింది, బాగానే ఉంది. కానీ పీచు 0.5 శాతానికి పడిపోయింది కదా! మీ దృష్టి మట్టి మీదే ఉండిపోయి ఇది గమనించలేదు. నానో పీచు జెల్ బిగువు పీచు శాతానికి నేరుగా తగ్గదు. దాదాపు వర్గానికీ ఘనానికీ మధ్య తగ్గుతుంది. పీచు సగమైతే బిగువు నాలుగో వంతుకో, ఎనిమిదో వంతుకో పడిపోతుంది. పోయిన ఆ బిగువుని 2 శాతం బెంటొనైట్ పూడ్చలేదు. ఎంత మంచి సోడియం బెంటొనైట్ అయినా ఒంటరిగా జెల్‌లా నిలబడాలంటే 4, 5 శాతం దాటాలి. అంతకు దిగువన అది చిక్కటి బురదనీళ్ళే. పైగా కుళాయి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం మట్టినీ పీచునీ కొద్దికొద్దిగా ముద్ద చేశాయి. వల సన్నబడింది, ముడులు బరువెక్కాయి. రెండు రోజులకి వల కుంగి నీరు పైకి తేలింది.

కాబట్టి పీచుని మొదటే చిక్కగా, 2 శాతం దగ్గర చేసుకోండి. బ్లెండర్‌లో తిప్పడానికి గట్టిగా ఉంటుంది, మధ్యమధ్యలో ఆపి గోడలకి అంటినదాన్ని గరిటెతో కిందికి దింపుకోవాలి, మోటారు వేడెక్కుతుంది, ఓపిక కావాలి. మట్టిని డిస్టిల్డ్ వాటర్‌లోనే 4 శాతంగా, పొడిని కొద్దికొద్దిగా సుడిలోకి రాలుస్తూ కలిపి, ఒక పూర్తి రోజు నాననివ్వండి. మర్నాడు పైనున్న మట్టినీళ్ళని మెల్లగా వంచుకుని, అడుగున దిగిన ఇసుక రవ్వల్ని వదిలెయ్యండి. ఆ రవ్వ మీ పూతలో గీతలు పెడుతుంది. వంచినదాన్ని 10 గ్రాములు తూచి, ఆరబెట్టి, మళ్ళీ తూచి అసలు శాతం ఎంతో చూసుకోండి, ఇసుక పోయాక అది 4 ఉండదు. ఆ తరవాత రెండూ సమానంగా కలిపితే 1 శాతం పీచు, 2 శాతానికి దగ్గరగా మట్టి. పొడిని జెల్‌లో ఎప్పుడూ చల్లకండి. జెల్‌లోని నీటిని పీచు పట్టుకుని కూర్చుంటుంది, మట్టికి నానడానికి నీళ్ళు అందవు, పైపొర తడిసి లోపల పొడి అలాగే ఉండిపోతుంది. ఉప్మాలో రవ్వ ఒకేసారి కుమ్మరిస్తే ఎలా ఉండకడుతుందో అలాగే, ఇక ఎంత తిప్పినా ఆ ఉండ విడదు.

ఇప్పుడు, అసలు మీకు ఎంత బిగువు కావాలి? ఇది అడక్కుండానే అందరూ చిక్కబరుస్తూ పోతారు. జెల్ కదలడానికి కావలసిన కనీస బలాన్ని యీల్డ్ స్ట్రెస్ అంటారు. అంతకన్నా తక్కువ బలం పెడితే అది ఘనపదార్థంలా ఉంటుంది, ఎక్కువ పెడితే పారుతుంది. గోడ మీద 1 మిల్లీమీటరు మందం తడిపూత జారకుండా నిలవాలంటే, దాని బరువు లెక్కేస్తే, 10 పాస్కల్ చాలు. మీరు వేసేది 0.1 మిల్లీమీటరు పూత. నిలువుగా పట్టుకున్నా దానికి 1 పాస్కల్ సరిపోతుంది. 2 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మని త్రీడీ ప్రింటింగ్‌లో పొరలు పొరలుగా కట్టేవాళ్ళకి 100 నుంచి 200 పాస్కల్ కావాలి. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు బావులు తవ్వే రిగ్గుల మీద బెంటొనైట్ బురదకి ఇంకో పని: పంపు ఆగినప్పుడు రాతి ముక్కలు అడుగుకి దిగకుండా పట్టుకోవాలి, పంపు మళ్ళీ వేస్తే సులువుగా కదలాలి. ఎవరి అవసరం వాళ్ళది. మీ పనికి మీ 1 శాతం జెల్ ఇప్పటికే అవసరానికి మించి బిగువుగా ఉంది.

మరి మీకు తక్కువైంది ఏమిటి? ఘనపదార్థం. 100 మైక్రాన్ల తడిపూత అంటే చదరపు మీటరుకి సుమారు 100 గ్రాములు. 1 శాతం జెల్ అయితే ఆరాక మిగిలేది 1 గ్రాము. మిగతా 99 గ్రాముల నీళ్ళూ ఆవిరైపోవాలి, ఆ లోగా క్రాఫ్ట్ పేపర్ కొంత పీల్చుకుని అప్పడంలా ముడతలు పడుతుంది. 2 శాతం మట్టి చేరితే అదే పూతలో 3 గ్రాములు మిగులుతుంది. అంటే, మట్టి మీకు కావలసింది చిక్కదనం కోసం కాదు, చిక్కదనం పెద్దగా పెరగకుండా ఘనపదార్థం పెంచుకోవడం కోసం. ఇది మనసులో పెట్టుకుంటే తరవాతి నిర్ణయాలన్నీ మారిపోతాయి. మట్టి జెల్‌ని బిగించినప్పుడు మీరు సంతోషపడక్కర్లేదు, సడలించే దారి వెతకాలి.

సడలించే దారి ఉంది. మట్టి రేకు ముఖాల మీద రుణావేశం శాశ్వతం. అంచుల మీది ఆవేశం మాత్రం పీహెచ్‌ని బట్టి మారుతుంది. ఆమ్లం వైపు వెళితే అంచులు ధనావేశం తీసుకుంటాయి. అప్పుడు ఒక రేకు అంచు ఇంకో రేకు ముఖానికి అతుక్కుని పేకమేడలా నిర్మాణం కడుతుంది. ఆ అంచులకి రుణావేశమున్న మీ పీచు కూడా అంటుకుంటుంది. తటస్థం దాటి పైకి వెళ్ళేకొద్దీ ఆ అంటుకోవడం సడలుతుంది. అందుకని పలచటి కాస్టిక్ సోడా ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్‌ని 8 నుంచి 9 మధ్య పెట్టుకోండి. 10 దాటించకండి, టెంపో పీచుకి ఆ పైన పొడవు తగ్గే ప్రమాదం ఉంది, ఆరేటప్పుడు పూత పసుపు తిరుగుతుంది.

పీహెచ్ ఒక్కటే చాలకపోతే టెట్రాసోడియం పైరోఫాస్ఫేట్ అనే ఫాస్ఫేట్ ఉప్పు ఉంది. ఫాస్ఫేట్ వెళ్ళి సరిగ్గా రేకుల అంచులకే అతుక్కుని వాటిని కూడా రుణావేశంలోకి మారుస్తుంది. పేకమేడ కూలుతుంది. మట్టి పొడి బరువులో 0.5 శాతంతో మొదలుపెట్టండి, 2 శాతం దాటొద్దు. దీన్ని మట్టినీళ్ళలోనే, పీచు కలపకముందే వెయ్యాలి. మొదటిసారి చేసేవాళ్ళని ఇది ఆశ్చర్యపరుస్తుంది. గరిటె నిలబడేంత గట్టిగా ఉన్న మట్టి ముద్ద, అర చెంచాడు ద్రావణం పడగానే పాలలా పారుతుంది. ఆ ఉత్సాహంలో ఇంకాస్త, ఇంకాస్త అని వేస్తూపోతే, అదీ ఉప్పే కాబట్టి, ఒక దశ తరవాత మళ్ళీ చిక్కబడటం మొదలవుతుంది. ఐదు చిన్న సీసాల్లో 0, 0.5, 1, 1.5, 2 శాతం వేసి పక్కపక్కన పెట్టి ఒంచి చూడండి. ఏ సీసా అన్నిటికన్నా తొందరగా జారిందో అదే మీ మోతాదు.

కొలత గురించి. మీ కాలేజీలో రియోమీటరు (జెల్ బిగువు, పారే తీరు కొలిచే మిషన్) ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఒక్క విషయం: నున్నటి ప్లేట్ల మీద ఈ జెల్ జారిపోతుంది. ప్లేటుని ఆనుకుని పలచటి నీటిపొర ఏర్పడి, జెల్ కదలకుండానే ప్లేటు తిరుగుతుంది. మిషన్ చూపించే అంకె ఆ నీటిపొరదే. గీతల ప్లేట్లు గానీ, వేన్ అనే రెక్కల కడ్డీ గానీ వాడండి. అవి లేకపోతే పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌ని ప్లేట్లకి అతికించి, ఆ మందానికి సున్నా సరిచేసుకుని వాడండి. బ్రూక్‌ఫీల్డ్ విస్కోమీటరుతో అయితే ఎప్పుడూ ఒకే స్పిండిల్, ఒకే వేగం, ఒకే సమయం. ఒక్క అంకె రాసి "విస్కాసిటీ ఇంత" అంటే ఈ జాతి జెల్స్‌కి అర్థం లేదు, ఏ వేగంలో అన్నది రాయకపోతే.

ఏదీ లేకపోయినా ఫర్వాలేదు. 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తు పీవీసీ పైపు ముక్క కోయించండి. గాజుపలక మీద నిలబెట్టి జెల్‌తో నింపి, పైన స్కేలుతో గీసేసి, పైపుని నిట్టనిలువుగా, మెల్లగా పైకి లాగండి. ముద్ద ఎంత కూలిందో కొలవండి. సివిల్ వాళ్ళు కాంక్రీటుకి చేసే స్లంప్ టెస్టే ఇది. గనుల వ్యర్థ బురద కోసం ఆస్ట్రేలియాలో డేవిడ్ బోగర్ బృందం 1996లో దీన్ని యీల్డ్ స్ట్రెస్ కొలిచే పద్ధతిగా స్థిరపరిచింది. కూలిన ఎత్తుని మొత్తం ఎత్తుతో భాగించి, వర్గమూలం తీసి, 1 లోంచి తీసేసి, సగం చెయ్యండి. దాన్ని సాంద్రత, గురుత్వం, ఎత్తుల లబ్ధంతో గుణిస్తే పాస్కల్స్ వస్తాయి. 5 సెంటీమీటర్ల పైపుకి ఆ లబ్ధం సుమారు 495. ముద్ద 4 సెంటీమీటర్లు కూలితే 26 పాస్కల్, 2 సెంటీమీటర్లే కూలితే 91. ఉజ్జాయింపే, కానీ మీ సీసాల మధ్య తేడా పట్టివ్వడానికి బాగా సరిపోతుంది.

దీంతోనే ఇంకో పని చెయ్యొచ్చు. జెల్‌ని అర నిమిషం గట్టిగా కలియబెట్టి వెంటనే ఒక స్లంప్ తియ్యండి. మళ్ళీ అలాగే కలియబెట్టి, పైపులో నింపి పది నిమిషాలు ఆగి తియ్యండి. తరవాత గంట ఆగి. ఉత్త పీచు జెల్ క్షణాల్లో చాలావరకు తిరిగి బిగుస్తుంది. బెంటొనైట్ నిర్మాణం నిమిషాలు, గంటల మీద మెల్లగా కట్టుకుంటుంది. పూత రాడ్‌తో లాగినప్పుడు వచ్చే సన్నటి చారలు సర్దుకోవడానికి కొన్ని క్షణాల వ్యవధి కావాలి. పీచు జెల్ ఆ వ్యవధి ఇవ్వదు, చారలు చారలుగానే ఆరిపోతాయి. ఫాస్ఫేట్ వేసిన మట్టి కలిస్తే, పీచు శాతం కాస్త తగ్గించుకోగలిగితే, ఆ వ్యవధి దొరుకుతుంది. 1 శాతం పీచు, 2 శాతం మట్టి కన్నా 0.7 శాతం పీచు, 3 శాతం మట్టి మీ పనికి మెరుగనిపిస్తోంది నాకు. ముందు మొదటిది చెయ్యండి, నీరు తేలకుండా వారం నిలబడిందంటే రెండోదానికి వెళ్ళండి.

వేరే మట్టి వాడొచ్చా అని కూడా అడిగారు. ల్యాపొనైట్ చాలా శుభ్రమైన సరుకు, ఫ్యాక్టరీలో తయారైన హెక్టొరైట్, అదీ ఉబ్బే మట్టి ఖనిజమే. 25 నానోమీటర్ల బిళ్ళలు, జెల్ అద్దంలా తేటగా వస్తుంది, ఫొటోలకి బాగుంటుంది. కానీ మీరు గాలిని ఆపాలనుకుంటున్నారు. వెడల్పాటి రేకులు కాగితానికి సమాంతరంగా పరుచుకుంటేనే గాలి అణువు వాటి చుట్టూ తిరిగి తిరిగి రావాలి. 25 నానోమీటర్ల బిళ్ళ చుట్టూ తిరగడం దానికి పెద్ద దూరం కాదు. పైగా పీహెచ్ 9 దిగువన ల్యాపొనైట్ నెమ్మదిగా కరిగి మెగ్నీషియం వదులుతుంది, నెల తరవాత జెల్ తీరు మారిపోయిందేమిటని మీరే తల పట్టుకుంటారు. సెపియొలైట్ సూదుల్లాంటి మట్టి, పీచుతో బాగా పెనవేసుకుంటుంది. ఇన్సులేషన్ ఫోమ్‌లకి మంచిది, మీ పూతకి కాదు. కయొలిన్ చవక, ఉబ్బదు, చిక్కబరచదు, కాగితం పూతల్లో దశాబ్దాలుగా ఉన్నదే. నూనె ఆపడం వరకే చాలనుకుంటే, బెంటొనైట్‌లో కొంత తీసి కయొలిన్ వేసి ఘనపదార్థం ఇంకా పెంచవచ్చు. స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో లార్స్ బెర్గ్‌లండ్ బృందం మాంట్‌మొరిల్లొనైట్, నానోసెల్యులోజ్ కలిపి ఇటుక గోడలా పొరలు పేర్చిన ఫిల్ములు చేసింది. వెడల్పు రేకుల విలువ ఏమిటో అక్కడ కనిపిస్తుంది.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. ఈ పూతలు పొడి గాలిలో ఆక్సిజన్‌ని చక్కగా ఆపుతాయి, తేమ పెరిగేకొద్దీ ఆ గుణం పడిపోతుంది. ఏసీ గదిలో 50 శాతం తేమ దగ్గర వచ్చిన అంకె చూసి థీసిస్ రాసెయ్యకండి. మీది విజయవాడ అన్నారు, ఆగస్టులో మీ ఊరి గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. 80 శాతం తేమ దగ్గర కూడా ఒక కొలత తీసి, వచ్చిన అంకె ఎంత చేదుగా ఉన్నా పట్టికలో పెట్టండి.

నిల్వ: జెల్‌ని ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. గడ్డకడితే పోగులు ముద్దలై మళ్ళీ విడవవు. వారం మించి ఉంచాలంటే రంగుల్లో వాడే ప్రిజర్వేటివ్ కొంచెం వెయ్యాలి, లేకపోతే బూజు పడుతుంది, చిక్కదనం తగ్గిపోతుంది, మీరు మట్టిని అనుమానిస్తూ కూర్చుంటారు. కలిపాక వాడేముందు బుడగలు తీయడం మర్చిపోకండి. ఈ జెల్‌లో బుడగ తనంతట తాను పైకి రాదు, వాక్యూమ్‌లో పదిహేను నిమిషాలు పెట్టాలి.

ఈ వారం మాత్రం పూత జోలికి వెళ్ళకండి. రెండు బస్తాలనీ జాడీల్లో పెట్టండి, కుళాయి నీటిదీ, కడిగిన జెల్ నుంచి దిగిన నీటిదీ కండక్టివిటీ తియ్యండి, ఐదు సీసాల ఫాస్ఫేట్ వరస చెయ్యండి. ఆ అంకెలూ, సీసాలన్నీ ఒకే వరసలో కనిపించే ఒక ఫొటో ఇక్కడే కింద పెట్టండి. జాడీల్లో మట్టి ఎన్ని మి.లీ. దాకా లేచిందో చూస్తే సోడా ఎంత వెయ్యాలో అప్పుడు కలిసి లెక్క కడదాం.